పది నెలల పని: తల్లులు అడగాల్సింది, సంఘాలు ఇవ్వగలిగింది

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి రికవరీ అన్నీ విన్నారు. భోజనాల టైం కూడా దగ్గర పడింది. అందుకని నేను సూటిగా విషయానికే వస్తాను. మీ ఇళ్ళల్లో డిగ్రీ చదివే పిల్లలు ఎవరికున్నారో ఒకసారి చేతులెత్తండమ్మా. చూశారా, ఎన్ని చేతులు లేచాయో! పాతికేళ్ళ కిందట ఇదే మాట అడిగి ఉంటే నాలుగైదు చేతులు లేవడం కూడా కష్టమే. మీరు నెలనెలా పొదుపు కట్టి, సంఘంలో అప్పు తీసుకొని, ఆ అప్పు తీర్చుకుంటూ పిల్లల్ని ఇంతవరకు తెచ్చారు.

ఆ పిల్లల చదువులో ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అని ఒకటి వచ్చింది. దాని గురించి అడ్మిషన్ల అప్పుడు, పేరెంట్స్ మీటింగులప్పుడు తల్లులు నన్ను మూడు ప్రశ్నలు అడుగుతుంటారు. మీ మాటల్లోనే చెప్తాను.

ఒకటి: "ఫీజు కట్టించుకొని, మూడో ఏడు కాలేజీకి రావద్దు, పనికి పోండి అంటాండారు. ఇదేం చదువు మేడం?"

రెండు: "పెండ్లి కావల్సిన పిల్లను ఫ్యాక్టరీకి, ఆఫీసుకి ఎట్లా పంపల్ల?"

మూడు: "ఎవురో డబ్బులు కడితే సర్టిఫికెట్ ఇస్తారంట గదా, అది తెచ్చిస్తే సరిపోదా?"

మూడూ న్యాయమైన ప్రశ్నలే. వాటికి జవాబులు చెప్పడానికే నేను ఈ రోజు వచ్చాను.

ఈ పద్ధతి ఎక్కడిది?

చదువును, పనిని కలిపి నడిపే ఈ పద్ధతికి బయట దేశాల్లో 'కో-ఆపరేటివ్ ఎడ్యుకేషన్' అని పేరు. పిల్లలు పొట్టిగా 'కో-ఆప్' అంటారు. కో-ఆపరేటివ్ అనగానే మనకు సహకార బ్యాంకు, పాల సొసైటీ గుర్తొస్తాయి. ఇక్కడ అర్థం వేరు. కాలేజీ, పని ఇచ్చే సంస్థ ఒకరికొకరు సహకరించుకొని ఒకే పిల్లకు చదువు చెప్పడం.

1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజనీరింగ్ అధ్యాపకుడు దీన్ని మొదలుపెట్టాడు. తరగతి గదిలో కూర్చుంటే ఇంజనీరింగ్ మొత్తం రాదని ఆయనకు అనిపించింది. మొదటి జట్టులో 27 మంది విద్యార్థులు. వాళ్ళను రెండు భాగాలు చేశారు. ఒక భాగం వారం కాలేజీలో ఉంటే, రెండో భాగం ఆ వారం ఫ్యాక్టరీలో ఉండేది. మరుసటి వారం వీళ్ళు అక్కడికి, వాళ్ళు ఇక్కడికి. ఫ్యాక్టరీలో పని ఆగేది కాదు, కాలేజీలో చదువూ ఆగేది కాదు. 1957లో కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు ఈ పద్ధతిలోనే మొదలైంది. ఇప్పుడు మన తెలుగు పిల్లలు కెనడా పోవాలనుకున్నప్పుడు "కో-ఆప్ ఉందా" అని అడిగేది దీన్ని గురించే. చదువుతూనే కొన్ని నెలలు జీతానికి పని చేయవచ్చు, అది డిగ్రీలో లెక్కకు వస్తుంది.

అయితే పని చేస్తూ నేర్చుకోవడం మనకు అమెరికా నుంచి రావాల్సిన పనేమీ లేదు. ధర్మవరంలో మగ్గం ఎవరైనా పుస్తకంలో చదివి నేర్చుకున్నారా? పడుగు ఎట్లా తోడాలో, అట్టలు ఎట్లా ఎక్కించాలో, జరీ తెగితే ఎట్లా అతకాలో పెద్దవాళ్ళ పక్కన కూర్చొని నేర్చుకున్నదే. మన సంఘాల సంగతే తీసుకోండి. మినిట్స్ బుక్కు, పొదుపు లెడ్జరు, అప్పుల లెడ్జరు రాయడం మూడు రోజుల ట్రైనింగులో వచ్చిందా? ట్రైనింగులో దారి చూపించారు. చెయ్యి తిరిగింది మాత్రం నెలనెలా మీటింగులో కూర్చొని రాసినాకే. తప్పు రాస్తే పక్కన ఉన్న అక్క దిద్దింది. ఇంటర్న్‌షిప్ అంటే అచ్చంగా ఇదే. తరగతిలో విన్నది, చేత్తో చేసి, దిద్దే మనిషి పక్కన ఉండగా నేర్చుకోవడం.

మన రాష్ట్రంలో ఎట్లా ఉంది?

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ చదువును మార్చినప్పుడు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కింద ఉన్న మన కాలేజీలకూ ఇదే వర్తించింది. హిందూపురంలో ఎన్.ఎస్.పి.ఆర్. మహిళా డిగ్రీ కళాశాల కానివ్వండి, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కానివ్వండి, అందరూ ఇదే దారిలో నడిచారు. ఆ పది నెలలూ మూడు ముక్కలు.

మొదటి ఏడాది అయినాక రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. ఇందులో ప్రతి విద్యార్థి కనీసం 180 గంటలు ఊళ్ళో పని చేయాలి. ఇంటింటి సర్వే చేయాలి, ఊరి సమస్య ఒకటి తీసుకొని దాని మీద పని చేయాలి, రిపోర్టు రాయాలి. రెండో ఏడాది అయినాక రెండు నెలల చిన్న ఇంటర్న్‌షిప్. చివరగా మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ అంతా ఆరు నెలల ఇంటర్న్‌షిప్. మూడింటికీ క్రెడిట్లు ఉన్నాయి. అంటే ఇది సెలవు కాదు, చదువులో భాగమే. పరీక్ష రాసినట్టే దీన్నీ పూర్తి చేయాలి. ఏ సెమిస్టర్‌లో ఏది అన్నది కాలేజీ నోటీసు బోర్డులో పెడతారు. మీ పిల్లను అడిగి ఆ కాగితం ఒకసారి చూడండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చివరి ఆరు నెలలు ఎట్లాగూ కాలేజీ లేదు గదా అని కొన్ని ఇళ్ళల్లో అప్పుడే పెళ్ళి చూపులు పెట్టేస్తారు. పిల్ల క్లాసులో కనబడదు కాబట్టి మాకూ తొందరగా తెలియదు. తెలిసేసరికి శుభలేఖ చేతికి వస్తుంది. రెండున్నరేళ్ళు చదివి, ఆఖరి ఆరు నెలల దగ్గర ఆగిపోయిన పిల్లకు చేతిలో డిగ్రీ ఉండదు, పని నేర్చిన అనుభవమూ ఉండదు. పెళ్ళి చేయొద్దని నేను చెప్పడం లేదు. ఆ ఆరు నెలలు ఖాళీ అనుకోవద్దని మాత్రమే చెప్తున్నాను. నిజానికి మూడేళ్ళలో పిల్లకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే ఆరు నెలలు అవే.

పిల్లకు ఏం లాభం?

బి.కాం. పిల్లనే తీసుకుందాం. తరగతిలో జి.ఎస్.టి. గురించి రెండు పాఠాలు చెప్తాం. రాసి మార్కులు తెచ్చుకుంటుంది. అదే పిల్ల హిందూపురంలో ఒక ట్యాక్స్ కన్సల్టెంటు ఆఫీసులో ఆరు నెలలు కూర్చుంటే, చింతపండు వ్యాపారి బిల్లులు, సిమెంటు అంగడి బిల్లులు ముందు పడతాయి. నెలనెలా జి.ఎస్.టి.ఆర్-1, 3బి ఎట్లా వేయాలో, గడువు దాటితే జరిమానా ఎట్లా పడుతుందో, బిల్లులో నంబరు ఒకటి తప్పుపడితే కొన్నవాళ్ళకు క్రెడిట్ ఎందుకు రాదో కళ్ళారా చూస్తుంది. ఆ తరువాత ఆమె ఎక్కడికి పోయినా, "నాకు ఈ పని వచ్చు" అని ధైర్యంగా చెప్పగలదు.

రెండో లాభం మాట తీరు. మన పల్లె పిల్లలు తెలివిలో ఎవరికీ తక్కువ కాదు. కానీ కొత్త మనిషి ఎదురుగా గొంతు పెగలదు. రోజూ పది మందితో ఫోన్లో మాట్లాడి, మెయిల్ రాసి, తప్పు జరిగితే "సార్, ఇది నేను సరిచేస్తాను" అని చెప్పడం అలవాటయితే ఆ భయం పోతుంది. సంఘంలో చేరిన మొదటి రోజుల్లో బ్యాంకు మేనేజరు ముందు నిలబడడానికి మీలో ఎంతమంది వణికారో, ఇప్పుడు అదే మేనేజరును ఎట్లా నిలదీస్తున్నారో గుర్తు చేసుకోండి. అది పుస్తకంతో రాలేదు గదా.

మూడో లాభం, తనకు ఏది సరిపడదో తెలియడం. కొంతమంది పిల్లలు ల్యాబ్ పని ఇష్టమని పోయి, రెండు నెలల్లో అది తమకు పడదని తెలుసుకుంటారు. డిగ్రీ చేతికి రాకముందే అది తెలియడం మంచిదే. ఆ తరువాత బి.ఎడ్. చదవాలా, బ్యాంకు పరీక్షలు రాయాలా, పి.జి.కి పోవాలా అన్నది కళ్ళు తెరిచి నిర్ణయించుకుంటారు.

మన చుట్టూ ఉన్న చోట్లు చూడండి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం జరిగింది. 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ కారు మార్కెట్‌లోకి వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసేంత పెద్దది. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. ఫ్యాక్టరీ అనగానే నూనె మరకలు, మిషన్లు అనుకుంటాం. కానీ స్టోర్స్, క్వాలిటీ చెకింగ్, అకౌంట్స్, హెచ్.ఆర్., సరుకు రవాణా, ఇవన్నీ డిగ్రీ పిల్లలు నేర్చుకోగలిగిన పనులే. హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీలు, పట్టుగూళ్ళ మార్కెట్ ఉన్నాయి. కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. జువాలజీ, సెరికల్చర్ చదివే పిల్లకు దగ్గర్లో అంతకంటే తగిన చోటు చూపించలేను. ధర్మవరంలో పట్టు చీరల అంగళ్ళు, మగ్గాలు, డిజైన్ వేసేవాళ్ళు ఉన్నారు. ఈ మూడు ఊళ్ళూ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి వచ్చే దూరంలో ఇన్ని చోట్లు ఉన్నప్పుడు, పిల్లను దూరం పంపాల్సి వస్తుందని ముందే భయపడక్కరలేదు.

పని ఇచ్చేవాళ్ళకు ఏం లాభం?

"వాళ్ళకు ఊరికే పని చేసిపెట్టినట్టే గదా" అని మీరు అనొచ్చు. కొన్నిచోట్ల నిజంగా అట్లాగే జరుగుతుంది, దాని గురించి తరువాత చెప్తాను. సరిగ్గా నడిపే చోట మాత్రం ఇద్దరికీ లాభమే.

ఉద్యోగానికి మనిషిని తీసుకునేటప్పుడు యజమాని అరగంట ఇంటర్వ్యూలో ఏం చూడగలడు? ఆరు నెలలు కళ్ళ ముందు పనిచేసిన పిల్ల అయితే టైముకు వస్తుందా, లెక్క నిజాయితీగా రాస్తుందా, చెప్పింది ఎంత తొందరగా పట్టుకుంటుందో తెలిసిపోతుంది. నచ్చితే అక్కడే పెట్టుకుంటాడు. కొత్త మనిషిని వెతికే ఖర్చు, మళ్ళీ మొదట్నుంచి నేర్పే ఖర్చు మిగులుతాయి. స్థానికంగా ఉన్న పిల్ల కాబట్టి నాలుగు నెలలకు మానేసి పోతుందన్న భయమూ తక్కువ.

రెండోది, పిల్లలు కొన్ని కొత్త పనులు తెస్తారు. ధర్మవరంలో ఒక చీరల అంగడిని ఊహించుకోండి. స్టాకు అంతా యజమాని బుర్రలోనే ఉంటుంది. ఏ చీర ఏ మగ్గం నుంచి వచ్చింది, ఎవరికి ఎంత మజూరీ బాకీ అన్నది చిత్తు పుస్తకాల్లో ఉంటుంది. ఒక బి.కాం. కంప్యూటర్స్ పిల్ల ఆరు నెలలు కూర్చొని ప్రతి చీరకు నంబరు వేసి, ఫొటో తీసి, కంప్యూటర్లో ఎక్కించిందనుకోండి. బెంగళూరు నుంచి కొనేవాళ్ళు ఫోన్ చేస్తే అరనిమిషంలో వాట్సాప్‌లో పంపవచ్చు. ధర్మవరం చేనేత పట్టు చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ మాట, మన మగ్గం సంగతి రెండు వాక్యాల్లో ఇంగ్లీషులో రాసి ఫొటో కింద పెట్టడం కూడా ఆ పిల్ల చేయగలదు. యజమానికి వ్యాపారం పెరిగింది, పిల్లకు చేతిలో చూపించుకోవడానికి ఒక పని ఉంది.

మూడోది ప్రభుత్వ సాయం. ఇది అప్రెంటిస్ పద్ధతిలో ఉంది. ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్‌షిప్ రెండూ ఒకటి కాదు, ఈ తేడా మీరు గుర్తుపెట్టుకోవాలి. కాలేజీ పంపే ఇంటర్న్‌షిప్ డిగ్రీలో భాగం. అందులో స్టైపెండ్ ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. అప్రెంటిస్‌షిప్ 1961 నాటి చట్టం కింద జరుగుతుంది. ప్రభుత్వ పోర్టల్‌లో రాతపూర్వక ఒప్పందం ఉంటుంది, స్టైపెండ్ ఇచ్చి తీరాలి. 2019 నిబంధనల్లో డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు, డిప్లొమా వాళ్ళకు 8,000 అని పెట్టారు. ఇప్పుడు ఎంత ఉందో చేరేముందు పోర్టల్‌లో చూసుకోవాలి. ఎన్.ఏ.టి.ఎస్. పథకంలో ఆ కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. 30 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురు పనిచేసే చిన్న సంస్థ కూడా ఇష్టమైతే తీసుకోవచ్చు. అప్రెంటిస్‌కు పనిచోట దెబ్బ తగిలితే నష్టపరిహారం కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఇంకొకటి, ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం. 2024 అక్టోబర్‌లో మొదలైనప్పుడు 21 నుంచి 24 ఏళ్ళ వాళ్ళకు పెద్ద కంపెనీల్లో ఏడాది పాటు పని, నెలకు 5,000 రూపాయలు, చేరినప్పుడు ఒకసారి 6,000 అని పెట్టారు. అప్పటి నిబంధనల ప్రకారం ఇది రెగ్యులర్‌గా కాలేజీలో చదువుతున్న వాళ్ళకు కాదు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న పిల్లల కోసం. ఈ మూడింటినీ కలిపేసి "నెలకు ఇంత వస్తుంది, ముందు మీరు ఇంత కట్టండి" అని చెప్పేవాళ్ళు ఊళ్ళల్లోకి వస్తారు. ఈ పథకాలకు దరఖాస్తు చేయడానికి రూపాయి ఫీజు లేదు. డబ్బు అడిగారంటే అక్కడే ఆపేయండి.

కొన్న సర్టిఫికెట్ సంగతి

ఇప్పుడు మూడో ప్రశ్నకు వస్తాను. డబ్బు కడితే ఇంటర్న్‌షిప్ చేసినట్టు కాగితం ఇచ్చేవాళ్ళు ఉన్న మాట నిజమే. ఫోన్లోనే డబ్బు పంపితే ఫోన్లోనే సర్టిఫికెట్ వస్తుంది. "ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్" అని పేరు. నాలుగు వీడియోలు చూడమంటారు, అవి కూడా ఎవరూ చూడరు. ఆన్‌లైన్‌లో చేసేవన్నీ మోసమని కాదు. పని ఇచ్చి, దిద్ది, తప్పు చెప్పే మనిషి అవతల ఉంటే అది మంచిదే. మనిషే లేని చోట వచ్చే కాగితం సంగతి నేను చెప్పేది.

ఆ కాగితంతో మార్కులు పడొచ్చు. డిగ్రీ కూడా చేతికి రావచ్చు. అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. ఇంటర్వ్యూలో అవతలి మనిషి ఆ సర్టిఫికెట్ చూసి ఒకే ఒక ప్రశ్న అడుగుతాడు: "ఈ ఆరు నెలలు నువ్వు రోజూ ఏం చేసేదానివమ్మా?" నిజంగా చేసిన పిల్ల తడబడుతూనైనా పది నిమిషాలు చెప్తుంది. కొన్న పిల్ల తల దించుకుంటుంది. చదువులో ముందున్న పిల్లలు ఈ ఒక్క ప్రశ్న దగ్గర నోరు మెదపలేక బయటకు రావడం నేను చూశాను. అక్కడ పోయింది ఉద్యోగం ఒక్కటే కాదు. తన మీద తనకున్న నమ్మకం కూడా పోతుంది.

ఇందులో పిల్లల తప్పు ఒక్కటే అనలేం. ఒకేసారి అన్ని కాలేజీల పిల్లలు వెతికితే చోటు దొరకదు. మా వైపు నుంచీ ఒక్కో అధ్యాపకురాలికి చాలామంది పిల్లలు ఉంటారు, ప్రతి చోటికీ పోయి చూడడం కష్టం. కొన్ని సంస్థలు తీసుకొని ఏమీ నేర్పకుండా, ఆరు నెలలూ జిరాక్సులు తీయించి, టీ తెప్పించి పంపేస్తాయి. ఇవన్నీ ఉన్న మాటే. అందుకే ఇల్లు కూడా కళ్ళు తెరుచుకొని ఉండాలి.

ఒకటి ఆలోచించండి. మన సంఘంలో ఎవరైనా పదివేలు అప్పు అడిగితే ఏం చేస్తాం? దేనికి, ఎప్పుడు కడతావు, ఎట్లా కడతావు అని అడుగుతాం. తీర్మానం రాస్తాం, అందరం సంతకాలు పెడతాం. పదివేలకు ఇంత జాగ్రత్త పడే మనం, పిల్ల బతుకులో పది నెలలు ఎవరి చేతిలోనో పెట్టేటప్పుడు ఏమీ అడగడం లేదు. "కాలేజీ వాళ్ళు చూసుకుంటారులే" అంటున్నాం.

ఐదు ప్రశ్నలు

సంఘానికి పంచసూత్రాలు ఉన్నట్టే, దీనికీ ఐదు ప్రశ్నలు పెట్టుకుందాం. పిల్ల చేరేముందు తల్లి అడగాల్సినవి ఇవి.

మొదటిది: ఏం పని నేర్పుతారు? "ఆఫీసు పని" అంటే చాలదు. బిల్లింగా, స్టాకా, డిజైనా, ల్యాబ్ పరీక్షలా, ఏ నెల ఏది అన్నది ఒక కాగితం మీద రాయించుకోవాలి.

రెండోది: ఎవరు నేర్పుతారు? ఒక మనిషి పేరు, ఫోను ఉండాలి. కాలేజీ నుంచి చూసే అధ్యాపకుల పేరు కూడా పిల్లకే కాదు, మీకూ తెలియాలి.

మూడోది: ఎంత ఇస్తారు, ఎంత ఖర్చవుతుంది? స్టైపెండ్ ఉందా లేదా ముందే తేల్చుకోండి. బస్సు ఖర్చు రోజుకు 60 రూపాయలు అనుకుంటే, నెలకు 25 రోజులకు 1,500, ఆరు నెలలకు 9,000. స్టైపెండ్ లేకపోతే ఈ తొమ్మిది వేలు ఎక్కడినుంచి రావాలో ముందే చూసుకుంటే మధ్యలో మానేయాల్సిన అవసరం రాదు.

నాలుగోది: భద్రత ఎట్లా? పని వేళలు ఏంటి, సాయంత్రం తిరిగి రావడానికి బస్సు ఉందా, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉందా, దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఉందా. ఇవి అడగడానికి సిగ్గుపడొద్దు. పనిచోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపులను ఆపడానికి 2013లో చట్టం వచ్చింది. ఇంటర్న్ అయినా, ట్రైనీ అయినా ఆ చట్టం వాళ్ళకూ వర్తిస్తుంది. పది మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ఫిర్యాదులు తీసుకునే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న చోటయితే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. మామూలుగా మూడు నెలల లోపల ఫిర్యాదు ఇవ్వాలి. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు పిల్ల ఫోన్లో ఉండాలి. "ఏమన్నా అయితే నాకు చెప్పు, నేను నిన్ను తిట్టను, చదువు మాన్పించను" అని తల్లి ముందే మాట ఇవ్వాలి. చదువు మాన్పిస్తారేమోనన్న భయంతోనే చాలామంది పిల్లలు నోరు విప్పరు.

ఐదోది: చివర్లో చేతికి ఏం వస్తుంది? సర్టిఫికెట్ ఎట్లాగూ వస్తుంది. దానితో పాటు లాగ్ బుక్కు ఉండాలి. రోజూ చేసిన పని అందులో రాసి, వారం వారం నేర్పే మనిషితో సంతకం పెట్టించుకోవాలి. మనకు మినిట్స్ బుక్కు ఎట్లాంటిదో పిల్లకు లాగ్ బుక్కు అట్లాంటిది. వారానికి ఒకసారి పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని "ఈ వారం ఏం రాశావు, చదువు" అనండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు, తెలుగులో చెప్పమనండి. తల్లికి అర్థమయ్యేట్టు చెప్పగలిగితే ఇంటర్వ్యూలో కూడా చెప్పగలదు.

మన సమాఖ్య ఏం చేయగలదు?

ఇంతవరకు అడగడం గురించి చెప్పాను. ఇవ్వడం గురించి కూడా చెప్పి ముగిస్తాను. పిల్లలకు చోటు దొరకడం లేదంటున్నాం గదా, మనమే ఎందుకు ఇవ్వకూడదు? మీరు కూడా ఒక సంస్థే. లెక్కలు ఉన్నాయి, ఆఫీసు ఉంది, బ్యాంకు లావాదేవీలు ఉన్నాయి, వ్యాపారాలు చేసే సభ్యులు ఉన్నారు.

ఒకటి, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పిల్లలు వేసవిలో మీ ఊళ్ళకే వస్తారు. చాలాసార్లు సర్వే కాగితాలు నింపుకొని వెళ్ళిపోతారు. గ్రామ సంఘం ముందుగానే కాలేజీకి ఒక ఉత్తరం రాసి, "మా ఊళ్ళో ఈ పని ఉంది, పిల్లల్ని దీనికి పెట్టండి" అని చెప్పవచ్చు. ఫోన్‌పే వాడడం రాని సభ్యులకు నేర్పడం, ఓ.టి.పి. మోసాల గురించి ఇంటింటికీ చెప్పడం, తాగునీటి బోర్ల పరిస్థితి రాసి పంచాయతీకి ఇవ్వడం, ఎన్ని పనులు లేవు! ఒక్కో పిల్ల 180 గంటలు ఇస్తుంది. పది మంది వస్తే 1,800 గంటలు. ఊరికి అది చిన్న సాయం కాదు.

రెండు, మన సభ్యుల చిన్న వ్యాపారాలు. చెనక్కాయల చిక్కీ చేసే అక్క ఉంది. బాగా అమ్ముడుపోతుంది, కానీ సంవత్సరం చివర చేతిలో ఏమీ మిగలడం లేదంటుంది. బెల్లం ఎంత, గ్యాసు ఎంత, ప్యాకింగ్ ఎంత, తన కూలి ఎంత అని కలిపి ఒక్క ప్యాకెట్టుకు అసలు ధర తేల్చడం బి.కాం. పిల్లకు నాలుగు రోజుల పని. ప్యాకెట్టు మీద బరువు, తయారీ తేదీ, లైసెన్సు నంబరు సరిగ్గా ఉన్నాయా అని చూడడం కెమిస్ట్రీ పిల్లకు పని. ఆ అక్కకు ధర తెలుస్తుంది, పిల్లకు కాస్టింగ్ పాఠం జన్మలో మరిచిపోనట్టు వస్తుంది. మనం కూడా పైన చెప్పిన ఐదు ప్రశ్నలకు జవాబు ఇవ్వగలగాలి. పిల్లతో ఆఫీసు ఊడిపించి, టీ పెట్టించి పంపితే మనకూ ఆ సంస్థలకూ తేడా ఏముంది?

మూడు, ఖర్చు. స్టైపెండ్ లేని చోట చేరిన పిల్లలకు బస్సు ఖర్చు వరకు సంఘం అంతర్గత అప్పు ఇవ్వడానికి ప్రాధాన్యం ఇస్తూ ఈ రోజే తీర్మానం చేసుకోవచ్చు. గొర్రెలకు, గేదెలకు ఇచ్చిన అప్పు తిరిగి వచ్చినట్టే ఇదీ తిరిగి వస్తుంది.

నాలుగు, జాబితా. మన మండలంలో ఏ అంగడి, ఏ ఆఫీసు, ఏ యూనిట్ పిల్లల్ని తీసుకొని నిజంగా నేర్పింది, ఎక్కడ ఊరికే తిప్పారు అన్నది ప్రతి గ్రామ సంఘం మీటింగులో తల్లులు చెప్పుకోవాలి. వి.ఓ.ఏ. దాన్ని ఒక నోటుపుస్తకంలో రాయాలి. రెండేళ్ళలో అది అందరికీ పనికొచ్చే పుస్తకం అవుతుంది. కాలేజీలకు కూడా కావాల్సింది అదే. ఆ పుస్తకం మాకూ ఒక కాపీ ఇవ్వండి.

అక్కలారా, చెల్లెళ్ళారా! నెలకు ముప్పై రూపాయల పొదుపుతో మొదలైన సంఘాలు మీవి. అప్పుడు ఎవరూ మీకు పని నేర్పి సర్టిఫికెట్ ఇవ్వలేదు. చేస్తూ చేస్తూ మీరే నేర్చుకున్నారు. అందుకే పనిలో వచ్చే చదువు విలువ నా కంటే మీకే బాగా తెలుసు. మీ పిల్లలకు ఆ పది నెలలు నిజంగా దక్కేట్టు చూడండి. ఐదు ప్రశ్నల కాగితం వి.ఓ.ఏ.ల దగ్గర పెట్టాను. పోయేటప్పుడు తలా ఒకటి తీసుకొని, ఈ నెల సంఘం మీటింగులో చదివి వినిపించండి.